ముఖం మీద రంగు, డబ్బా మీద రాత

(మేడ్చల్ మండలంలోని ఒక వయోజన విద్యా కేంద్రంలో, సాయంత్రం చదువుకునే వారి ముందు ఒక వలంటీరు టీచర్ మాట్లాడిన మాటలు.)

పోయిన వారం మన కేంద్రంలో ఒక అక్క నన్ను ఒక మాట అడిగింది. "టీచరమ్మా, ఆదివారం వస్తే చాలు, సంచి భుజానికేసుకొని శామీర్‌పేట దిక్కు పోతవట. ఏం పని చేస్తవు?" అన్నది. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ అక్క ఊరుకోలేదు. "ఏందో చెప్పు. నాలుగు పైసలు వచ్చే పనైతే మా బిడ్డకు గూడ నేర్పిస్త" అన్నది.

అందుకే ఈ రోజు పాఠం పుస్తకం పక్కన పెట్టాను. ఆ పని గురించే మాట్లాడుతాను. ఆ పనిలో నేను చేసిన ఒక తప్పు గురించి కూడా చెబుతాను. తప్పు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా చెబితేనే మంచిది.

ఏమిటీ పని?

నేను పిల్లల ముఖాలకు రంగులు వేస్తాను. దీన్ని అందరూ ఫేస్ పెయింటింగ్ అంటారు. పుట్టిన రోజు పండుగలో, కాలనీ పండుగలో, బడి వార్షికోత్సవంలో ఒక మూల చిన్న బల్ల వేసుకొని కూర్చుంటాను. పిల్లలు వరుసగా వస్తారు. ఒకరికి పులి కావాలి. ఒకరికి సీతాకోకచిలుక కావాలి. ఒకరికి బుగ్గ మీద చిన్న పువ్వు చాలు. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు పడుతుంది. పులి అయితే ఇంకొంచెం ఎక్కువ.

మన దగ్గర ఈ పని ఎందుకు దొరుకుతోంది? మేడ్చల్ నాగపూర్ పోయే 44 నంబరు జాతీయ రహదారి మీద ఉంది. శామీర్‌పేట కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి మీద ఉంది. ఈ రెంటినీ ఔటర్ రింగు రోడ్డు కలుపుతోంది. ఒకప్పుడు ఇక్కడ చేన్లు, ద్రాక్ష తోటలు ఉండేవి. ఇప్పుడు ఫంక్షన్ హాళ్ళు, ఫాంహౌస్‌లు, పెద్ద గేట్ల కాలనీలు వచ్చాయి. 2016 అక్టోబరు 11న మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లా ఏర్పడింది. అంతకు ముందు మనం రంగారెడ్డి జిల్లాలో ఉండేవాళ్ళం. పట్నం మన దగ్గరికి నడిచి వచ్చింది. పట్నంతో పాటు పట్నం వేడుకలు కూడా వచ్చాయి.

నేను టీచర్ ట్రైనింగ్ చదివేటప్పుడు ఫీజుకు, బస్సు ఖర్చుకు డబ్బు కావలసి వచ్చింది. నాకు బొమ్మలు వేయడం వచ్చు. అట్లా ఈ పనిలోకి వచ్చాను.

ఇది మనకు కొత్త పని కాదు

పేరు కొత్తది. పని పాతది. కొంచెం గుర్తు చేసుకోండి.

ఆషాఢ మాసంలో బోనాలు ఎత్తుతాం. బోనాల ముందు ఎవరు నడుస్తారు? పోతరాజు. ఒళ్ళంతా పసుపు పూసుకుంటాడు. నుదుట కుంకుమ పెట్టుకుంటాడు. నడుముకు వేపాకు, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కొరడా. ఆ పసుపు పూయగానే మన పక్కింటి అన్న కూడా మనకు వేరే మనిషిలా కనిపిస్తాడు. పిల్లలు తల్లి కొంగు వెనక దాక్కుంటారు.

పీర్ల పండుగలో పులివేషం చూశారు కదా. ఒంటి మీద పసుపు రంగు, దాని మీద నల్ల చారలు. డప్పు కొడుతుంటే పులి ఎగురుతుంది. ఈ రోజు పుట్టిన రోజు పండుగలో పిల్లగాడు అడిగే పులి కూడా అదే పులి.

చిందు భాగోతం కూడా మన తెలంగాణదే. నిజామాబాద్ జిల్లాకు చెందిన చిందుల ఎల్లమ్మ అందులో గొప్ప కళాకారిణి. ఆమె 2005లో కాలం చేశారు. ఆమె మగ వేషాలు కూడా కట్టేవారు. ముఖానికి రంగు వేసుకొని గద్దె మీదికి వస్తే, ఆడమనిషి అని ఎవరూ అనుకునేవారు కాదు.

సురభి నాటకాలు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైనాయి. మొదటి నాటకం కీచకవధ. సురభి వాళ్ళ ఇళ్ళలో తాత, మనుమడు, కోడలు అందరూ వేషం కడతారు. ఎవరి ముఖానికి ఏ రంగు వేయాలో చిన్నప్పటి నుంచే తెలుసుకుంటారు.

కేరళలో కథకళి అనే ఆట ఉంది. అందులో వేషానికి గంటల కొద్దీ సమయం పడుతుంది. దవడల చుట్టూ తెల్లగా ఒక అంచు కడతారు. ఆ అంచును చుట్టి అంటారు. చుట్టి కట్టడం ఒక ప్రత్యేకమైన పని. కేరళ కళామండలం అనే సంస్థ 1930లో మొదలైంది. అక్కడ ఆట నేర్పినట్టే చుట్టి కట్టడం కూడా నేర్పుతారు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ముఖానికి రంగు వేసే పని చిన్న పని కాదు. నేర్చుకొని చేసే పని. ఒళ్ళు దగ్గర పెట్టుకొని చేసే పని. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

నేను చేసిన తప్పు

అప్పుడు నా ట్రైనింగ్ రెండో సంవత్సరం. ఒక ఆదివారం శామీర్‌పేట దిక్కు ఒక ఫాంహౌస్‌లో పుట్టిన రోజు పండుగ. పిల్లలు ముప్పై మంది దాకా ఉన్నారు. మూడు గంటల పని. 1,500 రూపాయలు ఇస్తామన్నారు.

అందరికీ పులే కావాలన్నారు. పులికి నల్ల రంగు ఎక్కువ పడుతుంది. ఇరవై మంది అయ్యేసరికి నా నల్ల రంగు అయిపోయింది. ఇంకా పది మంది వరుసలో ఉన్నారు. వాళ్ళ వెనక తల్లులు నిలబడ్డారు. "తొందరగా కానియ్యమ్మా, కేకు కోస్తరు" అంటున్నారు.

నా సంచిలో ఇంకో నల్ల రంగు ట్యూబు ఉంది. అది అక్రిలిక్ రంగు. ట్రైనింగులో పాఠానికి చార్టులు, అట్ట బొమ్మలు చేయడానికి కొన్నది. నేను దాన్ని తీశాను. "రంగు రంగే కదా" అనుకున్నాను. అయిదేళ్ళ బాబు ఒకడు ముందు కూర్చున్నాడు. వాడికి నుదుటి మీద, బుగ్గల మీద, కళ్ళ పక్కన చారలు గీశాను. మంచిగా వచ్చింది. వాడు అద్దంలో చూసుకొని గాండ్రించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

అరగంట తరువాత వాడు ముఖం గోక్కోవడం మొదలు పెట్టాడు. తల్లి తడిగుడ్డతో తుడిచింది. రంగు రాలేదు. అక్రిలిక్ రంగు ఎండితే ప్లాస్టిక్ పొరలాగా అతుక్కుపోతుంది. ఆమె గట్టిగా రుద్దింది. చర్మం ఎర్రగా కందింది. కంటి పక్కన వాచింది. బాబు ఏడుపు ఆపలేదు. పండుగ అక్కడే ఆగిపోయింది. వాణ్ని కారులో వేసుకొని డాక్టరు దగ్గరికి పోయారు.

మిగతా వాళ్ళకు ఆ రంగు వేయకుండానే నేను సంచి సర్దుకున్నాను. నా చేతులు వణికాయి. 1,500 రూపాయలు తీసుకోలేదు.

మరునాడు వాళ్ళ ఇంటికి పోయాను. గేటు దగ్గరే నిలబడ్డాను. తిడతారని అనుకున్నాను. ఆ తల్లి తిట్టలేదు. మంచినీళ్ళు ఇచ్చింది. బాబును చూపించింది. వాపు కొంచెం తగ్గింది. నన్ను చూడగానే వాడు తల్లి వెనక్కి పోయాడు. ఆమె ఒకే మాట అన్నది. "టీచర్ చదువు చదువుతున్నవు గదమ్మా. డబ్బా మీద ఏం రాసి ఉన్నదో చూసుకోలేదా?"

ఆ రాత్రి ఆ ట్యూబు తీసి దీపం కింద పెట్టి చదివాను. చీమ తలకాయంత అక్షరాలు. బట్ట మీద, చెక్క మీద, గోడ మీద వేయడానికి అని రాసి ఉంది. చర్మం మీద వాడకూడదని కూడా రాసి ఉంది. ఆ ట్యూబు ఏడాది నుంచి నా సంచిలోనే ఉంది. నేను ఒక్కసారి కూడా చదవలేదు.

బాబుకు నాలుగు రోజుల్లో నయమైంది. నాకు మాత్రం ఆ తల్లి మాట ఇప్పటికీ గుర్తుంది. చదువు రావడం వేరు. చదవడం వేరు. నాకు చదువు వచ్చు, సర్టిఫికెట్ కూడా వస్తుంది. అయినా ఆ రోజు నేను చదవలేదు. చదువు రాని మనిషికీ నాకూ ఆ రోజు తేడా ఏముంది?

రంగులో ఏముంటుంది?

ఆరు నెలలు ఆ పనికి పోలేదు. ఆ ఆరు నెలల్లో రంగుల గురించి తెలుసుకున్నాను.

మన పెద్దలు ముఖానికి అర్దళం పూసేవారు. దీన్నే హరిదళం అంటారు. మంచి పసుపు రంగు వస్తుంది. పాత భాగోతాల్లో, నాటకాల్లో దీన్ని వాడారు. అది నేలలో దొరికే ఒక ఖనిజం. అందులో ఆర్సెనిక్ ఉంటుంది. ఆర్సెనిక్ అంటే విషం. మన వాళ్ళు పాషాణం అనేది దాన్నే. పాపం, ఆ కళాకారులకు ఈ సంగతి చెప్పిన వాళ్ళు లేరు. వాళ్ళు పూసుకున్నారు, ఆడారు, మనల్ని నవ్వించారు.

ఐరోపా దేశాల్లో కూడా ఇంతే. ఒకప్పుడు అక్కడి రాణులు, దొరసానులు తెల్లగా కనబడాలని సీసంతో చేసిన తెల్ల రంగు పూసుకునేవారు. సీసం కూడా విషమే.

ఇప్పుడు చట్టం ఉంది. మన దేశంలో మందుల, సౌందర్య సాధనాల చట్టం 1940లో వచ్చింది. సౌందర్య సాధనాలకు వేరుగా నియమాలు 2020లో వచ్చాయి. ముఖానికి పూసే వాటిలో రంగు కోసం సీసం, ఆర్సెనిక్ కలిపిన పదార్థాలు వాడకూడదని నియమం. చేసిన కంపెనీ ఎవరో, ఎప్పటి లోపల వాడాలో డబ్బా మీద రాయాలని కూడా నియమం.

చట్టం డబ్బా మీద రాయిస్తుంది. దాన్ని చదవడం మన పని.

తప్పులు పెద్ద దేశాల్లో కూడా జరుగుతాయి. 2009లో అమెరికాలో పిల్లల ముఖాలకు వేసే కొన్ని రంగులు అమ్మకం నుంచి వెనక్కి తీసుకున్నారు. ఆ రంగులతో పిల్లలకు దద్దుర్లు, దురద, మంట, వాపు వచ్చాయి. కాబట్టి ముఖపు రంగు అని రాసి ఉన్నా సరే, కొంచెం వేసి చూసి, తరువాతే ముఖానికి వేయాలి.

డబ్బా మీద ఏం చూడాలి?

మీరు అడుగుతారు. "టీచరమ్మా, డబ్బా మీద అంతా ఇంగ్లీషే ఉంటది గద. మాకు తెలుగే ఇప్పుడిప్పుడు వస్తున్నది" అని. నిజమే. తెలుగులో కూడా రాస్తే ఎంత బాగుండేది! కాని మీకు వచ్చిన చదువుతో కూడా చాలా చూడవచ్చు. అంకెలు మీకు వచ్చు. అంకెలు ఇంగ్లీషు డబ్బా మీద, తెలుగు డబ్బా మీద ఒక్క తీరే ఉంటాయి.

మొదటిది, తేదీ. డబ్బా మీద రెండు తేదీలు వెతకండి. ఒకటి తయారు చేసిన నెల, సంవత్సరం. రెండోది ఎప్పటి లోపల వాడాలో చెప్పే నెల, సంవత్సరం. రెండో తేదీ దాటితే ఆ డబ్బా వాడకూడదు. కొన్ని డబ్బాల మీద మూత తెరిచిన డబ్బా బొమ్మ చిన్నగా ఉంటుంది. దాని మీద 12 అని అంకె, పక్కన ఎం అనే అక్షరం ఉంటే, మూత తెరిచిన తరువాత 12 నెలల లోపల వాడాలని అర్థం. అందుకని నేను మూత తీసిన రోజే డబ్బా మీద పెన్నుతో తేదీ రాస్తాను.

రెండోది, కంపెనీ పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు. వేరే దేశం నుంచి వచ్చిన సరుకైతే, తెప్పించిన వాళ్ళ పేరు, చిరునామా ఉండాలి. ఏమీ లేని డబ్బా కొనకండి. ఎంత చవకైనా కొనకండి. రేపు పిల్లవాడికి ఏదైనా అయితే ఎవరిని అడుగుతారు?

మూడోది, దేనికోసం చేసిన రంగు? ముఖానికా? కాగితానికా? బట్టకా? ఇది తెలియకపోతే చదివిన వాళ్ళను అడగండి. ఇంట్లో ఆరో తరగతి చదివే పిల్ల ఉంటే ఆమెను అడగండి. అడగడం నామోషీ కాదు. అడగకపోవడం ఎంత నామోషీ అవుతుందో నేను చూశాను.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. బడి పిల్లల రంగుల డబ్బాల మీద "నాన్ టాక్సిక్" అని రాస్తారు. అంటే విషం కాదని. అంత మాత్రాన అది ముఖానికి వేసే రంగు కాదు. గోడకు వేసే సున్నం ఇంట్లోనే ఉంటుంది. దాన్ని కంట్లో పెట్టుకుంటామా?

మెరుపు పొడి కూడా ఇంతే. అట్టల మీద, గ్రీటింగు కార్డుల మీద చల్లే మెరుపు పొడి గరుకుగా ఉంటుంది. కంట్లో పడితే కన్ను గీరుకుపోతుంది. ముఖానికి వేరే మెరుపు పొడి దొరుకుతుంది. అది కూడా కంటి దగ్గర వేయకపోవడమే మేలు.

పండుగల్లో నా పక్కనే మెహందీ పెట్టే అక్కలు కూర్చుంటారు. వాళ్ళకు కూడా ఈ మాట చెబుతాను. మన గోరింటాకు ఎర్రగా పండుతుంది. గంటలో నల్లగా పండే మెహందీ అంటే అందులో జుట్టుకు వేసే నల్ల రంగు మందు కలిపి ఉండవచ్చు. దాంతో కొందరికి బొబ్బలు వస్తాయి.

పని చేసే పద్ధతి

ఆరు నెలల తరువాత మళ్ళీ మొదలు పెట్టాను. ముఖానికే చేసిన రంగు టిక్కీలు కొన్నాను. నీళ్ళతో తడిపి వేస్తే చాలు. సబ్బు నీళ్ళతో కడిగితే పోతాయి. ఇప్పుడు నేను పాటించే పద్ధతి ఇది.

పని మొదలు కాక ముందే చేతులు సబ్బుతో కడుక్కుంటాను.

తల్లినో తండ్రినో అడుగుతాను. "పిల్లకు ఏదైనా పడదా? ఇంతకు ముందు రంగులతో దద్దుర్లు వచ్చాయా?" అని. తల్లిదండ్రుల కళ్ళ ముందే రంగు వేస్తాను.

కొత్త డబ్బా కొంటే ముందు నా మోచేతి లోపలి వైపు చుక్క పెట్టుకుంటాను. ఒక రోజు చూస్తాను. నాకు పడింది కదా అని అందరికీ పడుతుందని కాదు. అందుకని పండుగలో పిల్లవాడి చేతి మీద కూడా చిన్న చుక్క పెట్టి, వరుసలో చివరికి పంపుతాను. వాడి వంతు వచ్చేసరికి చుక్క దగ్గర ఎర్రగా అయితే ముఖానికి వేయను. పడని పిల్లవాడు ఎప్పుడూ ఇట్లానే బయట పడతాడని కాదు. అయినా ఏమీ చూడకపోవడం కంటే ఇది నయం.

మూడేళ్ళ లోపు పిల్లలకు ముఖం మీద వేయను. వాళ్ళ చర్మం మెత్తన. చేతులు ఊరుకోవు, కళ్ళు నలుపుకుంటారు.

ముఖం మీద పుండు, గాయం, తామర ఉంటే వేయను. కండ్లకలక ఉంటే అసలే వేయను. ఒకరి కన్ను నుంచి ఇంకొకరి కన్నుకు పోతుంది.

ఒక పిల్లకు వాడిన స్పాంజి ముక్క ఇంకో పిల్లకు వాడను. స్పాంజిని చిన్న ముక్కలు కోసి, ముప్పై మంది ఉంటే నలభై ముక్కలు తీసుకుపోతాను. వాడినవి వేరే కవరులో వేస్తాను. ఇంటికి వచ్చి ఉతికి ఎండలో ఆరబెడతాను. నీళ్ళు మాటిమాటికి మారుస్తాను.

పిల్ల వద్దంటే వేయను. తల్లి బలవంతం చేసినా వేయను. ముఖం పిల్లది.

ముగ్గు రంగు కథ

పోయిన ఏడాది బోనాలప్పుడు జరిగింది ఇది. ఒక కాలనీలో పిల్లలకు వేషాలు పెట్టారు. పది మంది మగ పిల్లలను పోతరాజులను చేయమన్నారు. సాయంగా మన కేంద్రంలో చదువుకునే ఒక పెద్దమ్మను తీసుకుపోయాను. అరవై ఏళ్ళు ఉంటాయి. అక్షరాలు కూడబలుక్కొని చదువుతుంది. పేరు చెప్పవద్దన్నది కాబట్టి చెప్పను. ఆమె ఇక్కడే కూర్చొని నవ్వుతున్నది.

పసుపు మేమే ఇంటి నుంచి తెచ్చాం. కుంకుమ కాలనీ వాళ్ళు తెప్పించారు. ఎవరో పిల్లగాడు దుకాణానికి పోయి ఎర్రటి పొడి పొట్లాలు నాలుగు తెచ్చి బల్ల మీద పెట్టాడు. డప్పులు వచ్చేశాయి. అందరికీ తొందర. నేను ఒక పొట్లం చింపబోయాను.

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకున్నది. పొట్లం కళ్ళ దగ్గర పెట్టుకొని వేలితో చూపిస్తూ చదివింది. "ము... గ్గు... ల... రం... గు." మళ్ళీ ఒకసారి చదివింది. తరువాత నా ముఖం చూసింది. "బిడ్డా, ఇది ముగ్గుల రంగని రాసి ఉన్నది గద. వాకిట్ల ఏసేది పోరగాండ్ల మొకాలకు ఎట్ల రుద్దుతం?" అన్నది.

నేను పొట్లం కింద పెట్టాను. పెద్దమ్మే ఉపాయం చెప్పింది. "మా అమ్మ పసుపుల సున్నం కలిపి కుంకుమ చేసేది. కాని సున్నం గూడ పిల్లల మొకానికి మంట పుట్టిస్తది. ఒళ్ళంత ఉత్త పసుపు పూద్దాం. ఎర్ర బొట్టు నీ డబ్బలున్న రంగుతోని పెట్టు" అన్నది. అట్లనే చేశాం. పది మంది పోతరాజులు డప్పు ముందు ఎగిరారు. ఒక్క పిల్లవాడు కూడా ఏడవలేదు.

నేను టీచర్ను. ఆమె నా దగ్గర చదువుకుంటున్నది. ఆ రోజు చదివింది మాత్రం ఆమె.

లెక్క కూడా రాయాలి

డబ్బు సంగతి చెప్పమని అక్క అడిగింది కదా. దాచకుండా చెబుతాను. ఒక ఆదివారం లెక్క ఇది.

మాట్లాడుకున్నది 1,500 రూపాయలు.
బస్సుకు, ఆటోకు 120 రూపాయలు.
అయిపోయిన రంగు 150 రూపాయలు.
స్పాంజి, కాగితం రుమాళ్ళు, సబ్బు 80 రూపాయలు.
మొత్తం ఖర్చు 350 రూపాయలు.
మిగిలింది 1,150 రూపాయలు.

పని మూడు గంటలు. పోను, రాను, సర్దుకోను ఇంకో మూడు గంటలు. మొత్తం ఆరు గంటలు. 1,150ని 6తో భాగించండి. గంటకు 190 రూపాయల పైచిలుకు వస్తుంది. వినడానికి బాగుంది. కాని నెలలో నాలుగు ఆదివారాలూ పని ఉండదు. ఎండాకాలం సెలవుల్లో, డిసెంబరులో ఎక్కువ పిలుస్తారు. వానలు పడితే పిలవరు. దీని మీదే ఇల్లు గడవదు. ఇంటికి కొంత ఆసరా అవుతుంది.

ఒకసారి ఒకరు 2,000 ఇస్తామని నోటి మాటగా చెప్పారు. పని అయినాక 1,200 చేతిలో పెట్టారు. "అంతే అనుకున్నం గద" అన్నారు. నా దగ్గర కాగితం లేదు. ఏమని అడుగుతాను? అప్పటి నుంచి ముందే రాయించుకుంటున్నాను. తేదీ, చోటు, ఎన్ని గంటలు, ఎంత డబ్బు, దారి ఖర్చు ఎవరిది. ఈ అయిదు మాటలు ఫోనులో మెసేజి పెడతాను. "సరే" అని జవాబు వచ్చిన తరువాతే పోతాను. రాత ఉంటే గొడవ ఉండదు.

చివరి మాట

అక్కా, నీ బిడ్డకు ఈ పని నేర్పుతాను. బొమ్మ గీయడం నెల రోజుల్లో వస్తుంది. కాని మొదటి రోజు కుంచె చేతికి ఇవ్వను. డబ్బా చేతికి ఇస్తాను. "దీని మీద ఏం రాసి ఉందో చెప్పు" అంటాను.

ఈ మాట రంగులు వేసేవాళ్ళకే కాదు. పొలంలో మందు కొట్టే అన్నకు డబ్బా ఉంది. పిల్లకు జ్వరం మందు పోసే చెల్లెకు సీసా ఉంది. దుకాణంలో పాల పొట్లం కొనే అవ్వకు కూడా తేదీ ఉంది. మనం కష్టపడి అక్షరాలు నేర్చుకున్నాం. పగలంతా పని చేసి, రాత్రి ఈ బల్బు కింద కూర్చొని నేర్చుకున్నాం. వాడకపోతే కొడవలికి తుప్పు పట్టినట్టు చదువుకు కూడా తుప్పు పడుతుంది. నాది ఒక రోజు తుప్పు పట్టింది. దాని బాధ ఒక చిన్న పిల్లవాడు పడ్డాడు.

రేపు సాయంత్రం వచ్చేటప్పుడు ప్రతి ఒక్కరూ ఇంట్లోంచి ఒక డబ్బానో, సీసానో, పొట్లమో తీసుకురండి. ఖాళీదైనా సరే. పుస్తకం బదులు రేపు వాటినే చదువుదాం. తేదీ దాటినవి ఎన్ని ఉన్నాయో లెక్క పెడదాం. ముందుగా పెద్దమ్మ చదువుతుంది. తరువాత నేను చదువుతాను.